సూదిముక్కు గూట్లో నీలం పోగు

నల్లమద్ది కోన అని ఒక అడవి ఉండేది. ఆ కోనలో దుప్పులు, కోతులు, ఉడతలు, ఒక ఎలుగుబంటి, ఒక ముసలి ఏనుగు ఉండేవి. వాగు మీదికి వంగిన ఈత చెట్ల నిండా గిజిగాళ్లు ఉండేవి. ఆ గిజిగాళ్లలో సూదిముక్కు అని ఒక కుర్రవాడు ఉండేవాడు.

"ముల్లోకాలు గాలించినా నాలాంటి నేతగాడు దొరకడు! నేను అల్లిన గూట్లో చినుకు దూరదు, చీమ దూరదు. చివరికి చలి కూడా నన్ను అడిగే లోపలికి రావాలి!" అని సూదిముక్కు రోజూ పొద్దున్నే ఈత మట్ట మీద నిలబడి చాటేవాడు.

వినడానికి బాగానే ఉండేది. చిక్కల్లా ఒక్కటే. వాడు అప్పటిదాకా ఒక్క గూడు కూడా అల్లలేదు.

పోయిన వానాకాలంలో వాడింకా నోరు తెరుచుకుని మేత అడిగే పిల్ల. ఈ ఏడాదే వాడి తల మీద పసుపు రంగు తేలింది. పసుపు తేలిన మగ గిజిగాడు తొలి వానలకి గూడు కట్టాలి. అది కోనలో ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు. కట్టిన గూడు చూడటానికి ఆడపక్షి వస్తుంది. లాగి చూస్తుంది, ఊపి చూస్తుంది, తలకిందులుగా వేలాడి చూస్తుంది. నచ్చితే ఉండిపోతుంది. నచ్చకపోతే "ఊఁ" అని కూడా అనకుండా పక్క గూటికి పోతుంది.

ఎవరికీ నచ్చని గూడు కట్టినవాడు ఆ ఏడాదంతా మట్ట మీద ఒంటరిగా కూర్చోవాలి. ఆ ఒంటరి మట్ట తలుచుకుంటే చాలు, సూదిముక్కు ఈకలు నిక్కబొడుచుకునేవి. అందుకే వాడు అంత గట్టిగా అరిచేవాడు. అరుస్తున్నంతసేపూ భయం వినపడదు కదా!

ఆ కోనలో ఒక జలపాతం ఉంది. దాన్ని చూడటానికి మనుషులు వచ్చేవాళ్లు. వచ్చేటప్పుడు చేతినిండా కవర్లు తెచ్చేవాళ్లు. వెళ్లేటప్పుడు మాత్రం చేతులు ఊపుకుంటూ వెళ్లేవాళ్లు.

ఆ ఏడు వేసవి చివర్లో ఒక దుప్పి పిల్ల, ఉప్పు రుచి తగిలిందని, మిక్చరు కవరు మింగేసింది. కడుపు ఉబ్బి, కాళ్లు చాపి నేల మీద పడిపోయింది. ముసలి ఏనుగు పరుగున వచ్చింది. దాన్ని కోనంతా అవ్వ అని పిలిచేవారు. అవ్వ తొండంతో పిల్ల వీపు నిమిరింది, పొట్ట నొక్కింది, మెడ తట్టింది. చివరికి కవరు బయటపడింది. పిల్ల బతికింది.

కవరు మాత్రం చెక్కు చెదరలేదు. దాని మీద బొమ్మ కూడా ఎప్పట్లాగే నవ్వుతోంది.

ఆ నవ్వు చూసి అవ్వకి ఒళ్లు మండింది. అందర్నీ పిలిచింది.

"ఇవాళ్టి నుంచి మన గూళ్లలో, గుహల్లో, తొర్రల్లో ప్లాస్టిక్ ఉండకూడదు. ఎవరి దగ్గరున్నది వాళ్లు తెచ్చి ఈ బండ మీద పెట్టండి. మనుషులు నడిచే దారి ఇదే. వాళ్ల సొమ్ము వాళ్ల కళ్లకే కనిపించనీ" అంది.

అందరూ తలలూపారు. ఊపడం తేలికే. తేవడమే కష్టమైంది. కోతి బావ వానకి నెత్తిన పెట్టుకునే కవరు తెచ్చాడు, పెట్టలేక పెట్టాడు. ఉడతమ్మ తన పిల్లల్ని పడుకోబెట్టే డబ్బా మూత తెచ్చింది. ఎలుగు మామ తేనె దాచుకునే నీళ్ల సీసాని కడసారి నాకి, కళ్లు తుడుచుకుని బండ మీద నిలబెట్టాడు.

సూదిముక్కు ఎగిరొచ్చి ఆ కుప్ప పైన వాలాడు. ఛాతీ విరిచాడు.

"మా గిజిగాళ్ల వంశంలో ప్లాస్టిక్ ముట్టినవాడు లేడు! ముట్టబోడు! నేనైతే కలలో కూడా దాని మీద కాలు పెట్టను!"

"ఒరేయ్ సూదిముక్కూ, ఇప్పుడు నీ కాళ్ల కింద ఉన్నదేంట్రా? చిప్స్ ప్యాకెట్టు కాదూ?" అన్నాడు ఎలుగు మామ.

కాళ్ల కింద కరకరమంది.

"ఇదా? పారిపోకుండా తొక్కిపెట్టాను మామా!" అన్నాడు సూదిముక్కు.

ప్లాస్టిక్ లేకుండా బతకడం మొదట్లో ఎవరికీ చేతకాలేదు. ఎలుగు మామ మోదుగాకు మడిచి దొప్ప చేసి అందులో తేనె పోసుకున్నాడు. దొప్ప కారింది. మామ ముందు నడుస్తుంటే వెనకాల చీమలు బారులు తీరాయి.

"మామా, మామా! పెళ్లికొడుకువి నువ్వేనా? ఊరేగింపు ఎక్కడిదాకా?" అని సూదిముక్కు పైనుంచి అడిగాడు.

కోతి బావ వానజల్లు పడినప్పుడు టేకాకు పట్టుకున్నాడు. ఆ ఆకుని పురుగులు ముందే జల్లెడ చేశాయి.

"బావా, ఆ గొడుగు పట్టుకుంటే వాన లెక్కపెట్టుకుంటూ పడుతుందా?"

"నవ్వరా, నవ్వు. నువ్వు గూడు కట్టే రోజు వస్తుందిగా. అప్పుడు చెట్టుకింద చాప వేసుకుని మరీ నవ్వుతాను" అన్నాడు కోతి బావ.

అయినా ఎవరూ మానలేదు. మామ రెండాకులు కలిపి మడిచి పుల్ల గుచ్చడం నేర్చుకున్నాడు. తేనె నిలిచింది. బావ పురుగు పట్టని ఆకు ఏరుకోవడం నేర్చుకున్నాడు. ఉడతమ్మ మారేడు చిప్పలో పీచు పరిచి పిల్లల్ని పడుకోబెట్టింది. ఆ చిప్ప మూతకంటే వెచ్చగా ఉందని పిల్లలు లేవనే లేదు. కోనలో అందరూ కాస్త తలెత్తుకుని నడవడం మొదలుపెట్టారు.

ఇక మిగిలింది సూదిముక్కు.

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చాయి. వాగు ఒడ్డున రెల్లు ఇంకా కురచగానే ఉంది. పొడుగు రెల్లు కావాలంటే కొండ అవతల మడుగు దాకా పోవాలి. అక్కడ ఆకు అంచున ముక్కుతో గాటు పెట్టి, ఆ కొస పట్టుకుని ఎగరాలి. అప్పుడు పొడవాటి చీలిక ఊడివస్తుంది. ఒక చీలిక కోసం ఒక ప్రయాణం. మళ్లీ చీలిక, మళ్లీ ప్రయాణం. సూదిముక్కు రెక్కలు పడిపోయాయి. చాటింపు వేయడానికి కూడా ఊపిరి మిగల్లేదు. చెట్టుకి అది కొత్త అనుభవం.

పక్క మట్ట మీద తళుకు అనే గిజిగాడు గూడు కడుతున్నాడు. వాడు కొండ దాటలేదు. జలపాతం దగ్గర మనుషులు వదిలేసిన బియ్యం బస్తా దొరికింది వాడికి. దాని పోగులు పీకాడు. నీలం నైలాన్ తాడు కూడా దొరికింది. దాన్నీ విప్పాడు. చూస్తుండగానే తళతళలాడే గూడు లేచింది.

"ఏరా సూదిముక్కూ, ఇంకా గడ్డి మోస్తున్నావా? నీ గూడు పూర్తయ్యేసరికి వానాకాలం వెళ్లిపోతుంది" అన్నాడు తళుకు.

"నీది గూడా, గాజుల దుకాణమా? అవ్వకి చెప్పనా?"

"చెప్పుకో. ఇది ప్లాస్టిక్ అని ఎవరన్నారు? మెరుపు గడ్డి!"

ఆడపక్షులన్నీ ఆ మెరుపు గడ్డి చుట్టూ చేరాయి. "అబ్బో" అంది ఒకటి. "అబ్బబ్బో" అంది ఇంకొకటి. సూదిముక్కు పచ్చగడ్డి గూడు వైపు ఒక్కరూ తల తిప్పలేదు. వాడికి ఒంటరి మట్ట గుర్తొచ్చింది.

అప్పటికి వాడి గూడు దాదాపు అయిపోయింది. గూడు లోపల, గదికీ లోపలికొచ్చే గొట్టానికీ నడుమ అడ్డంగా ఒక కమ్మీ అల్లుతారు. గిజిగాళ్లు దాన్ని పీట అంటారు. వచ్చినవాళ్లు కూర్చునేది దాని మీదే. ఆ పీట మీద చివరి చుట్టు ఒక్కటి మిగిలింది. దానికి ఒక్క చీలిక కావాలి. మడుగు కొండ అవతల ఉంది. ఎండ నడినెత్తిన ఉంది.

సరిగ్గా అప్పుడే తళుకు గూట్లోంచి ఒక నీలం పోగు జారి, గాలికి తేలుతూ వచ్చి, సూదిముక్కు ముందు వాలింది.

వాడు అటు చూశాడు. ఇటు చూశాడు.

'ఒక్కటే కదా! ఒక్క పోగుకే అడవి మునిగిపోతుందా? లోపల ఎవరు చూడొచ్చారు?' అనుకున్నాడు.

గబగబా పీటకి చుట్టేశాడు. చూడటానికి ముచ్చటగానే ఉంది. ముడి మాత్రం కొంచెం వదులుగా అనిపించింది. 'అదే బిగుస్తుందిలే' అనుకుని దాని మీద కూర్చున్నాడు.

ఆ సాయంత్రం కంకి వచ్చింది. కంకి అంటే చెట్టు మీద అందరికంటే నిదానమైన ఆడపక్షి. మాట తక్కువ, చూపు ఎక్కువ. ముందు తళుకు గూటికి వెళ్లింది. తలకిందులుగా వేలాడింది. ఒక ముడి పట్టుకుని లాగింది. ముడి సర్రున జారింది.

"ఇదేమిటయ్యా, జారుతోంది?" అంది.

"జారినా చిరగదు! కుళ్లదు! నీ మనవలు, వాళ్ల మనవలు కూడా ఇందులోనే ఉండొచ్చు!" అన్నాడు తళుకు.

"ముందు నన్ను ఉండనీ. గడ్డి ఎండేకొద్దీ ముడి బిగుస్తుంది. ఇది ఎప్పుడు ఎండుతుంది?"

కంకి వాగులోకి దిగి ముక్కునిండా తడిమట్టి తెచ్చింది. గిజిగాళ్లు గూటి గోడకి లోపల మట్టి అంటిస్తారు. ఆ మట్టిలో మిణుగురుల్ని గుచ్చి దీపం పెట్టుకుంటారని పెద్దలు చెబుతారు. అది ఎంత నిజమో తెలియదు. మట్టి బరువుకి గూడు గాలిలో నిలకడగా ఉంటుందన్నది మాత్రం నిజం.

కంకి మట్టి అంటించింది. అంటలేదు. నున్నటి పోగుల మీద జారి, కింది మట్ట మీద నిలబడ్డ తళుకు నెత్తి మీద తప్పున పడింది. ఇందాక "అబ్బబ్బో" అన్న పక్షి ఈసారి "అయ్యయ్యో" అంది.

కంకి సూదిముక్కు గూటికి వచ్చింది. సూదిముక్కు ఆమెకంటే ముందే లోపలికి దూరి పీట మీద కూర్చున్నాడు.

"కొంచెం జరగవయ్యా."

"ఇక్కడే బాగుంది నాకు."

"నేను చూడాల్సింది గూడు. నిన్ను కాదు."

"రెండూ చూడదగ్గవే" అన్నాడు సూదిముక్కు. కానీ జరగలేదు.

కంకి గోడ లాగింది. రాలేదు. ముడి పొడిచింది. కదల్లేదు. మట్టి అంటించింది. రెల్లు గరుకు మీద మట్టి పట్టు పట్టి కూర్చుంది.

"గోడ బాగుంది. కానీ ఇప్పుడే మాటివ్వను. తొలి గాలివానకి ఈ గూడు నిలిస్తే ఇందులో గుడ్లు పెడతాను. నిలవకపోతే నీ దారి నీది, నా దారి నాది" అంది.

"గాలివానా? నా గూడు చూస్తే గాలివానే దారి మార్చుకుని పోతుంది!"

గాలివానకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. మర్నాడు మధ్యాహ్నమే అది నేరుగా వచ్చింది.

ముందు కొండ నల్లబడింది. తర్వాత వాగు నల్లబడింది. ఈత చెట్లు ఒక్కసారిగా వంగాయి. గిజిగాళ్లన్నీ అరుచుకుంటూ బండ కింది నెర్రెలోకి ఎగిరిపోయాయి. కంకి వెనక్కి తిరిగి చూసింది.

"సూదిముక్కూ! గూడు పోతే పోయింది, బయటికి రా!"

"నువ్వు పద! నేను... నేను ఇక్కడే ఉంటాను!" అని గూట్లోంచి గొంతు వినిపించింది. ఆ గొంతు రోజూ చాటింపు వేసే గొంతులా లేదు.

గాలి గూటిని పట్టుకుని ఊపింది. లాగింది. తిప్పింది. వాన కొట్టింది. పక్క మట్ట మీద తళుకు గూడు గాలిపటంలా ఎగిరెగిరి పడింది. ఒక ముడి జారింది. దాని వెనక ఇంకొకటి జారింది. కాసేపటికి గూడు మొత్తం పోగులుగా విడిపోయి వాగులో పడింది.

సూదిముక్కు బయటికి రాలేదు. వస్తే ఒట్టు. కళ్లు మూసుకుని, రెల్లు గోడని ముక్కుతో పట్టుకుని, రెక్కలు కొట్టుకుంటూ ఉండిపోయాడు. ప్రతి ముడీ వాడికి గుర్తే. ఇది ఎండలో తెచ్చింది. ఇది రెక్క నొప్పితో తెచ్చింది. ఇది మూడుసార్లు తెగితే నాలుగోసారి తెచ్చింది. గాలి ఒక్కో ముడినీ అడిగి చూసింది. ఒక్క రెల్లు ముడి కూడా సరేననలేదు. తడిసినా పట్టు సడలలేదు. మట్టి బరువుకి గూడు తిరిగి తిరిగి మళ్లీ తన చోటికే వచ్చి నిలబడింది.

'బాగా అల్లాను' అనుకున్నాడు సూదిముక్కు. ఆ మాట వాడు బయటికి చాటకుండా తనలో తను అనుకోవడం అదే మొదటిసారి.

వాన వెలిసింది. ఎండ వచ్చింది. అందరూ వాగు ఒడ్డుకి వచ్చారు. నీళ్లలోంచి తెల్లపోగులు, నీలంపోగులు ఉండచుట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. ఆ దుప్పి పిల్ల అప్పుడే వాటి వాసన చూస్తోంది. నోరు కూడా తెరిచింది.

అవ్వ తొండం చటుక్కున వచ్చి ఆ ఉండని లాగేసుకుంది.

"ఎవరిది ఇది?"

తళుకు ముందుకి వచ్చాడు. ఈకలన్నీ తడిసి, వాడు సగానికి సగం చిక్కిపోయినట్టున్నాడు. "నాదే అవ్వా. మెరుపు గడ్డి అన్నాను. కాదు. ప్లాస్టిక్కే" అన్నాడు. దుప్పి పిల్ల వైపు చూసి తల దించుకున్నాడు.

అవ్వ ఆ ఉండని బండ మీది కుప్పలో వేసింది. తర్వాత తొండం ఎత్తి ఈత చెట్టు వైపు చూపించింది.

"అటు చూడండి. ఒక్క గడ్డిపోచ ఊడలేదు. గూడంటే అది! అల్లినవాడు గాలివానలో కూడా గూడు వదల్లేదు. నేతగాడంటే వాడు! సూదిముక్కూ, ఇలా రారా. మన కోనకే పేరు తెచ్చావు."

సూదిముక్కు దిగివచ్చాడు. వచ్చి, కొంగలాగా ఒంటికాలి మీద నిలబడ్డాడు. రెండో కాలు పొట్ట ఈకల్లో దాచుకున్నాడు.

"చూశారా, ఎంత పేరొచ్చినా తపస్సు చేసే మునిలా ఎంత వినయంగా నిలబడ్డాడో!" అన్నాడు ఎలుగు మామ.

"వీడికి వినయమా? మామా, ముందు జ్వరమేమో చూడు" అన్నాడు కోతి బావ. చెట్టుకింద వాడు నిజంగానే చాప వేసుకుని కూర్చున్నాడు.

"ఏదైనా చెప్పరా" అంది అవ్వ.

"ఏం లేదవ్వా. అల్లాను. నిలిచింది. వెళ్లొస్తాను" అన్నాడు సూదిముక్కు.

అందరూ మొహమొహాలు చూసుకున్నారు. అంతలో, వాడు దిగిరాగానే గూట్లోకి దూరిన కంకి తల బయటపెట్టింది.

"గోడ గట్టిగా ఉంది. మట్టి రాలలేదు. మాటంటే మాటే, నేను ఇక్కడే ఉంటాను. కానీ ఒక్క సంగతి అర్థం కాలేదు. గూడంతా ఉంది, పీట మీది చివరి చుట్టు మాత్రం లేదు. అదేమైంది?"

సూదిముక్కు ముక్కు తెరిచాడు. 'గాలికి పోయింది' అన్న మాట ముక్కు చివరిదాకా వచ్చింది. ఎవరూ కాదనరు. ఎవరూ చూడలేదు. అయితే ఎదురుగా దుప్పి పిల్ల నిలబడి వాడినే చూస్తోంది, అడవిలోకెల్లా గొప్పవాడిని చూస్తున్నట్టు.

వాడు మెల్లగా రెండో కాలు కిందికి దించాడు.

ఆ కాలికి నీలం పోగు చుట్టలు చుట్టుకుని ఉంది. కొస జానెడు వేలాడుతోంది.

కోతి బావ చాప మీంచి దొర్లి వాగులో పడ్డాడు. తళుకు తల ఎత్తి, "అరె, అది నాదే!" అన్నాడు. కంకి ఎగిరొచ్చి ఆ చిక్కు విప్పడం మొదలుపెట్టింది.

"అందుకా జరగమంటే జరగలేదు?" అంది చివరికి.

"అందుకే."

"ఒక్క ప్రయాణం తప్పించుకోవడానికా?"

"ఒక్కటే కదా అనుకున్నాను."

ఎలుగు మామ బుర్ర గోక్కున్నాడు. "అది సరేరా. పోగు తప్పే. కానీ అందరూ పారిపోయినా నువ్వు గూడు వదల్లేదు కదా? ఆ ధైర్యం మాత్రం నిజమే కదా?"

సూదిముక్కు అవ్వ వైపు చూశాడు, కంకి వైపు చూశాడు, తన గూడు వైపు చూశాడు. పచ్చగా, నిండుగా, చెక్కు చెదరకుండా ఉంది.

"గూడు నిజం మామా. దాన్ని అల్లింది నేనే. ఎంతైనా గొప్ప చెప్పుకుంటాను. ధైర్యం మాత్రం నాది కాదు. గాలి రాగానే అందరికంటే ముందు రెక్కలు విప్పింది నేనే. పీట మీది వదులు పోగు కాలికి చుట్టుకుంది, కాలు రాలేదు. వాన వెలిసేదాకా లాగుతూనే ఉన్నాను. చివరికి పీటకున్న ఆ ముడి దానంతటదే జారింది, బయటపడ్డాను." వాడు తల దించుకున్నాడు. "నేను గూడు వదలకపోవడం కాదు మామా. గూడే నన్ను వదల్లేదు."

నీతి: 'ఒక్కటే కదా' అని దాచుకున్న చెత్తే చివరికి మన కాలికి చుట్టుకుంటుంది. గొప్ప చెప్పుకునే ముందు మన గూడు మనమే ఒకసారి వెతుక్కోవాలి.